కాగితమే కదా!



ఈజిప్టులో ఫయ్యూం అని ఒక ప్రాంతం ఉంది. నైలు నదికి పడమటి దిక్కున, ఎడారి నడుమ పచ్చగా ఉండే పల్లపు నేల. వానలు దాదాపు లేని చోటు కాబట్టి అక్కడి ఇసుకలో పపైరస్ పత్రాలు వందల ఏళ్లు గడిచినా చెడిపోకుండా దొరుకుతుంటాయి. అప్పు కాగితాలు, పన్ను రసీదులు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు, ఇలాంటివి. వాటి మధ్య క్రీస్తుశకం 250 జూన్ 26 నాటి అర్జీ ఒకటి బయటపడింది. పెట్టుకున్న పెద్దాయన పేరు ఔరేలియస్ డయోజెనీస్. తండ్రి పేరు సతాబూస్. ఊరు అలెగ్జాండర్ దీవి అనే పల్లె. వయసు 72. గుర్తు, కుడి కనుబొమ మీద గాయపు మచ్చ. మన పదో తరగతి సర్టిఫికెట్ల మీద పుట్టుమచ్చలు రాసే పద్ధతి నిన్నా మొన్నా పుట్టింది కాదన్నమాట.

ఆ అర్జీలో ఆయన చెప్పుకున్నది ఇంతే. దేవతలకు బలులు అర్పించడం తనకు మొదటినుంచీ అలవాటే. ఇప్పుడు ఆజ్ఞ ప్రకారం అధికారుల కళ్లెదుటే బలి అర్పించాడు, పానార్పణ పోశాడు, బలిమాంసం రుచి చూశాడు. ఆ సంగతి కింద ధ్రువీకరించి ఇవ్వమని మనవి. సంతకాలు, తేదీ. అయిపోయింది.

ఇలాంటి కాగితాలు నలభైకి పైగానే దొరికాయి. పేరు, వయసు, మచ్చ మారతాయి గాని మిగతా మాటలు దాదాపు అన్నిటిలో ఒక్కటే. ఇప్పుడు మనం ఫారం నింపి ఇచ్చినట్టే. ఇవి క్రైస్తవుల కోసం మాత్రమే పెట్టినవి కూడా కావు. పెతెసూకోస్ అనే మొసలి దేవుడి పూజారిణి ఒకావిడ కూడా తీసుకుంది. రోజూ గుడిలో పూజ చేసే మనిషి తాను పూజ చేస్తానని సర్టిఫికెట్ తెచ్చుకోవలసి వచ్చింది. ప్రభుత్వాల తీరు అప్పుడూ అంతే.

దీని వెనక ఉన్నది డేసియస్ చక్రవర్తి. 249లో రోమా సింహాసనం ఎక్కాడు. సరిహద్దుల్లో గోతుల దాడులు, లోపల పదవి కోసం సేనాపతుల కుమ్ములాటలు. రాజ్యం ఇలా వూగిసలాడుతుంటే దేవతల దయ తప్పిందని అనుకున్నట్టున్నాడు. ప్రజలందరూ బలి అర్పించాలి, అర్పించినట్టు కాగితం తీసుకోవాలి అని ఆజ్ఞ వేశాడు. దొరికిన ఈ కాగితాల్లో ఎక్కడా క్రీస్తు పేరు లేదు. ఆయన్ని దూషించమని లేదు. ఆదివారం కూడుకోవద్దని లేదు. కాస్త సాంబ్రాణి, రెండు చుక్కల ద్రాక్షరసం, ఒక్క మాంసం ముక్క. ఆ తర్వాత ఇంటికి వెళ్లి ఎవరికి నచ్చిన దేవుణ్ణి వాళ్లు తలుచుకోవచ్చు.

శోధన ఎంత చిన్న ముఖంతో వచ్చిందో చూశారా?

ఆ ఆజ్ఞ కార్తేజికి చేరింది. ఇప్పటి ట్యునీషియా తీరంలో ఉన్న పెద్ద పట్టణం అది. అక్కడి బిషప్పు సిప్రియన్. అంతకుముందు వక్తృత్వం నేర్పిన పండితుడు, కలిగినవాడు. బాప్తిస్మం పొంది ఎక్కువ కాలం కాలేదు. బిషప్పై రెండేళ్లు నిండలేదు. ఆనాటి సంగతులు ఆయనే 251లో ఒక చిన్న పుస్తకంలో రాశాడు. పడిపోయినవారి గురించి రాసిన పుస్తకం అది. చదువుతుంటే హింస కన్నా, హింస మొదలవకముందే జరిగిన దానికి ఆయన ఎక్కువ బాధపడ్డాడని తెలుస్తుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా గడిచాయి. విశ్వాసులు ఆస్తులు పెంచుకునే పనిలో పడ్డారు. బిషప్పుల్లోనే కొందరు సంఘాలను వదిలేసి, లాభం కోసం పరాయి ఊళ్ల సంతలు తిరుగుతూ, వడ్డీలకు తిప్పుతూ ఉన్నారు. అలాంటి సమయంలో ఆజ్ఞ వచ్చింది.

మరి ఏమయింది? సైనికులు ఇళ్ల మీద పడి ఈడ్చుకొచ్చేదాకా చాలామంది ఆగలేదు. వాళ్లే పట్టణం నడిబొడ్డున ఉన్న బలిపీఠానికి బయలుదేరారు. బలిపశువును వెంట తోలుకెళ్లినవాళ్లున్నారు. పసిపిల్లల్ని చంకన వేసుకెళ్లినవాళ్లున్నారు. పొద్దు వాలుతోంది, మిగిలినవాళ్లు రేపు రండి అని అధికారులు అంటే, వద్దండీ, ఇవాళే కానిచ్చేయండి అని బతిమాలుకున్నారట. ఆఫీసు మూసే వేళకు కిటికీ దగ్గర మనం బతిమాలుకోమూ, అచ్చం అలాగే. ఈ ఒక్క విషయం దగ్గర సిప్రియన్ కలం కన్నీరు పెడుతుంది.

అదే రోజుల్లో అలెగ్జాండ్రియాలో దియొనీసియస్ అనే బిషప్పు ఉన్నాడు. ఆయన ఉత్తరం ఒకటి యూసేబియస్ రాసిన సంఘ చరిత్రలో నిలిచింది. అక్కడ కొందరు చకచకా నడిచి వెళ్లి, మేమెన్నడూ క్రైస్తవులం కామని గట్టిగా చెప్పేశారు. కొందరు మాత్రం ముఖం పాలిపోయి, వణికిపోతూ వెళ్లారు. బలి ఇవ్వడానికి వచ్చారా, బలి కావడానికి వచ్చారా అన్నట్టున్న వాళ్లను చూసి చుట్టూ మూగిన జనం ఎగతాళి చేశారు. చావడానికీ ధైర్యం లేదు, బలి అర్పించడానికీ ధైర్యం లేదు. తటపటాయింపు అనేది మనం లోపల దాచుకునే విషయం అనుకుంటాం. అలెగ్జాండ్రియా బజారులో అది అందరికీ కనిపించింది.

ఎంతకాలం రెండు తలంపుల మధ్య తడబడతారు అని కర్మెలు కొండ మీద ఏలీయా ప్రశ్న వేసినప్పుడు జనం ఎదురు చెప్పలేదు, ఒప్పుకోలేదు. నోరు మెదపలేదంతే. ఆ మౌనం నాకు ఎప్పుడూ బయలు ప్రవక్తల కేకలకన్నా భయంకరంగా అనిపిస్తుంది.

ఇక మూడో రకం. వీళ్లు బలిపీఠం దగ్గరికి వెళ్లనే లేదు. అధికారి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, బలి అర్పించినట్టు కాగితం మాత్రం తెచ్చుకున్నారు. సిప్రియన్ తర్వాత అంతోనియన్ అనే బిషప్పుకు రాసిన ఉత్తరంలో వీళ్ల వాదన కూడా న్యాయంగా వినిపించాడు. నేను క్రైస్తవుణ్ణి, నాకు బలి అర్పించకూడదు, అందుకే డబ్బు ఇచ్చి తప్పించుకున్నాను, చేయకూడని పని చేయకుండా ఉండటానికే ఈ కాగితం. ఇదీ వరస. చెయ్యి శుభ్రంగానే ఉంది, నోరు శుభ్రంగానే ఉంది, బీరువాలో మాత్రం కాగితం ఉంది. సిప్రియన్ దీన్ని బలి అర్పించిన పాపంతో సమానం చేయలేదు. అలాగని కాగితమే కదా అని వదిలేయనూ లేదు. నేను ఇక్కడ ఆయన పక్షమే. ఆ కాగితం మీద రాసి ఉన్నది అబద్ధమనే సంగతి అలా ఉంచండి. ఎవరు అడిగినా తాను ప్రభువు మనిషిని కానని చూపించడానికే దాన్ని దాచుకున్నారు గదా.

రోములో ఒకావిడ కథ ఉంది. చెరలో హింసలు పడి బయటికి వచ్చిన సెలెరీనస్ అనే యువకుడు కార్తేజిలో చెరసాలలో ఉన్న మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. తన సహోదరీలు ఇద్దరు పడిపోయారని ఏడుస్తూ రాశాడు. ఒకామె బలి అర్పించింది. రెండో ఆమె బలి అర్పించడానికి బయలుదేరి, రోము నడిబొడ్డున ముగ్గురు విధి దేవతల విగ్రహాలున్న చోటుదాకా వెళ్లి, అక్కడినుంచి వెనక్కి తిరిగి దిగిపోయింది. ఆపైన డబ్బు ఇచ్చి తప్పించుకుంది. నాకు ఈవిడ మీద జాలి కూడా, గౌరవం కూడా. సగం దారిలో కాళ్లు ఆగిపోవడం చిన్న విషయం కాదు. కాని ఆగిన కాళ్లు సంఘం వైపు తిరగలేదు, డబ్బు సంచి వైపు తిరిగాయి. మనలో ఎక్కువమంది కథ ఇదే అనుకుంటాను.

కాగితం అనగానే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది విశ్వాసుల గుండె ఒక్కసారి కలుక్కుమంటుంది. నాకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవుడైన దళితుడికి మాత్రం ఆ హోదా పోయి బీసీ-సి మిగిలింది. అందుకే ఆదివారం గుడిలో ఒక పేరు, కాలేజీ రికార్డులో ఒక పేరు. అలా రెండు పేర్లు మోసే పిల్లవాణ్ణి నేను కార్తేజి లంచాల వరసలో నిలబెట్టను. తరతరాల అంటరానితనం బాప్తిస్మం నీళ్లలో కొట్టుకుపోయిందా అని ఎవరైనా అడిగితే, సమాధుల తోటల్లో కూడా కులం చూసిన మన సంఘాలే ముందు జవాబు చెప్పాలి. అది న్యాయస్థానాల్లో తేలవలసిన విషయం, పేదవాడి హక్కు విషయం. ఆకలి ముందు తల వంచడం వేరు, కడుపు నిండాక కుదుర్చుకునే రాజీ వేరు. నేను మాట్లాడేది ఈ రెండోదాన్ని గురించి.

ఇంకో మాట కూడా వింటుంటాను. నయమాను సంగతి ఏమిటండీ, రాజుగారి వెంట రిమ్మోను గుడిలో వంగడానికి ఎలీషా ఒప్పుకోలేదా అని. రాజీ కోసం వెతికేవాళ్లకు ఈ ఒక్క వచనం నోటికి వచ్చినట్టు ఇంకేదీ రాదు. సిరియా సేనాపతి నయమాను ఆ రోజే నమ్మినవాడు. తన ఇబ్బంది తానే బయటపెట్టి, ముందే క్షమాపణ అడిగాడు. గుట్టుగా కాగితం తెచ్చుకోలేదు. ఆ పోలిక పట్టుకునేవాళ్లు ముందు తమ ఇబ్బందిని సంఘ పెద్దల ముందు అంత పచ్చిగా చెప్పుకోగలరేమో చూసుకోవాలి.

సరే, మన ఇళ్లల్లోకి వద్దాం.

ఒక విశ్వాసి ఇంట్లో పెళ్లి మాటలు. అబ్బాయి తరపువాళ్లు వచ్చారు. పాస్టరుగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, టీ తాగి, ఇంకో ఇంట్లో కూడిక ఉందని లేచారు. గేటు చప్పుడయ్యింది. అప్పుడు అబ్బాయి తండ్రి కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటాడు.

"మేం కట్నాలు అడిగే కుటుంబం కాదండీ బావగారూ. దేవుని బిడ్డలం. మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీరు పెట్టుకోండి."

అమ్మాయి తండ్రి గొంతు సవరించుకుంటాడు. "అదేనండీ, మీ మనసులో ఉన్నమాట చెప్తే..."

"మా మనసులో ఏముంటుందండీ. పెద్దాడికి వాళ్ల మామగారు ఏం ఇచ్చారో మీరు వినే ఉంటారు. చిన్నాడికి తక్కువ చేశామని వాడు అనుకోకూడదు, అంతే."

తర్వాత ఆడపడుచు లాంఛనాలు వస్తాయి. అబ్బాయికి బండి అవసరం, ఆఫీసు దూరం. రింగురోడ్డు పక్క స్థలం అమ్మాయి పేరుమీదే ఉంటుంది, మాకేమీ వద్దు, రిజిస్ట్రేషన్ మాత్రం పెళ్లికి ముందే అయిపోతే బాగుంటుంది. అరగంటలో అంకె కుదిరింది. ఆ అరగంటలో కట్నం అనే మాట ఒక్కసారి వచ్చింది, అదీ అడగం అని చెప్పడానికి. 1961లోనే చట్టం నేరమన్న పనిని, వాక్యం చదివిన ఆ కుర్చీల్లోనే కూర్చుని ముగించారు. బలిపీఠం దగ్గరికి ఎవ్వరూ వెళ్లలేదు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.

మరి పెళ్లికొడుకు ఎక్కడ? వరండాలో ఫోను చూసుకుంటున్నాడు. నిరుడు యూత్ మీటింగులో కట్నం తీసుకోను అని చెయ్యెత్తిన కుర్రాడే. అబద్ధం ఆడలేదు, అప్పుడు మనసారానే ఎత్తాడు. ఇప్పుడు లోపలికి వెళ్లి నాలుగు మాటలు అంటే అమ్మ ఏడుస్తుంది, నాన్న రెండు రోజులు అన్నం మానేస్తాడు, అన్నయ్య తనను తప్పుపట్టినట్టు అనుకుంటాడు. నేనేం అడగలేదుగా, నాన్న చూసుకుంటున్నారు అని మనసుకు సర్దిచెప్పుకుంటాడు. రోములో విధి దేవతల విగ్రహాల దాకా వెళ్లి ఆగిన ఆవిడ, ఈ వరండాలో ఫోను పట్టుకుని నిలబడ్డ ఈ కుర్రాడు నాకు వేరు వేరు మనుషుల్లా కనిపించరు.

ఇతన్ని తిట్టడం తేలిక. ఆదివారం ప్రసంగంలో లోకస్నేహం, నులివెచ్చని లవొదికయ అని ఓ గంట దంచితే అతను తలవంచుకుని వింటాడు, అయినా అంకె మారదు. నేను గమనించింది ఏమిటంటే, ఇతనికి లోకం మీద ప్రేమ పొంగిపోవడం లేదు. బండి లేకపోయినా బతుకుతాడు. అసలు ప్రశ్న అడిగే సమయానికి అతను ఒంటరిగా ఉన్నాడు. రాజీలన్నీ అలాగే కుదురుతాయి. పాస్టరుగారు గేటు దాటాకే ఎందుకు మాటలు మొదలయ్యాయో ఆలోచించండి.

ఒంగోలు చరిత్రలో దీనికి విరుద్ధంగా జరిగిన సంగతి ఉంది. మనవాళ్లలో చాలామందికి ఆ కథలో ఒక్క అంకె తెలుసు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. అంకె పెద్దది కాబట్టి నిలిచిపోయింది. దానికి పన్నెండేళ్ల ముందు జరిగింది నాకు అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అదే సంవత్సరం తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మాదిగ పెద్ద, అంతకుముందే యోగమార్గంలో దేవుణ్ణి వెతికినవాడు. ఆయన తన ఊరికి వెళ్లి చెప్పడం మొదలుపెట్టాడు. ఇటు ఒంగోలులో పై కులాల వాళ్లు క్లౌ దొరతో స్నేహంగానే ఉన్నారు, పిల్లల చదువు కోసం ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. మాదిగలు వస్తున్నారని తెలిసేసరికి మాట మారింది. వాళ్లను చేర్చుకుంటే మేం రాము. అంతే. బైబిలు చెప్పొద్దనలేదు, ప్రార్థన వద్దనలేదు. వాళ్లను మాత్రం పక్కన పెట్టండి అన్నారు. చిన్న షరతే! ఒప్పుకుంటే పట్టణంలో పేరున్న కుటుంబాలు, మంచి బడి, గౌరవం. ఏ మిషను బోర్డుకైనా నివేదిక రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

క్లౌ ఆలోచనలో పడ్డాడు. ఆ రోజుల్లోనే ఆయన ఒక గదిలో, భార్య ఇంకో గదిలో వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో ఒక్క చోటే కళ్లు పడ్డాయని తర్వాత రాసుకున్నాడు. జ్ఞానుల్నీ ఘనుల్నీ కాదు, లోకం నీచులన్న వాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. ఆ తర్వాత ఇక ఆయనకు తర్జనభర్జన లేదు. పై కులాల పిల్లలు బడి మానేశారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో డేరా వేశాడు. జనం అన్నం మూటలు, పక్కబట్టలు, బాప్తిస్మం తర్వాత కట్టుకోవడానికి వేరే బట్టలు మోసుకుని వచ్చారు. కొన్ని రోజులు అక్కడే ఉండి నేర్చుకున్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు.

ఆ తర్వాత అసలు పరీక్ష వాళ్లకు వచ్చింది. కొత్త విశ్వాసులకు క్లౌ మూడే నియమాలు చెప్పేవాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవి. ఊళ్లో బతికే మాదిగ కుటుంబానికి మాత్రం ఇవి మూడూ ఊరి కట్టుబాటుతో ముడిపడినవి. ఊరి పెద్దలకు వీళ్లు ఏ దేవుణ్ణి కొలిస్తే ఏమిటి? జాతరకు డప్పు మోగాలి, పిలిచిన రోజున వెట్టికి రావాలి. ఇంట్లో ఏసును కొలుచుకోండి, జాతరలో డప్పు కొట్టండి. డేసియస్ అడిగింది కూడా ఇదే గదా!

వీళ్లు కొట్టం అన్నారు. అప్పుడు చాకలిని బట్టలు ఉతకొద్దన్నారు. కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు. పశువుల్ని బీడులోంచి తోలేశారు. చెప్పులూ కాడి తోళ్లూ కుట్టే పని ఇవ్వలేదు, కోతల్లో రావలసిన గింజలు ఆపేశారు. నెలలు గడిచిన కొద్దీ ఒక్కో పూటా ఎలా గడిచిందో ఊహించుకోండి. అయినా నిలబడ్డారంటే, వాళ్లు మనకంటే గట్టి గుండెలవాళ్లని నేను అనుకోను. తోపులో కలిసి పడుకున్నారు, కలిసి నీళ్లలో దిగారు, కలిసి పస్తులున్నారు. డప్పు కొట్టనన్నవాడి పక్కన అదే మాట అన్నవాడు ఇంకొకడు ఉన్నాడు.

ఇక్కడ ఒక చిన్న తేడా చెప్పాలి. ఆగడమంతా తటపటాయింపు కాదు. 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చినప్పుడు క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ సమయంలో బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా పదిహేను నెలలు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలి అన్నాడు. అంకెలు పెరిగే అవకాశం చేతిలో ఉండగా వద్దనుకోవడం కూడా లోకంతో రాజీపడకపోవడమే. కరువు సాయం ఆగిపోయాకే గుండ్లకమ్మలో బాప్తిస్మాలు జరిగాయి. ఇప్పుడు మన సభల పోస్టర్ల మీద అంకెలు చూసినప్పుడల్లా ఆ పదిహేను నెలలు నాకు గుర్తొస్తాయి.

మళ్లీ అలెగ్జాండ్రియాకు వెళ్దాం. దియొనీసియస్ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. న్యాయస్థానంలో ఒక క్రైస్తవుణ్ణి విచారిస్తున్నారు. అతను లొంగిపోయేలా ఉన్నాడు. న్యాయాధిపతి ఆసనం దగ్గర కాపలాగా నిలబడ్డ నలుగురు సైనికులు, అమ్మోన్, జెనోన్, టాలెమీ, ఇంజెనీస్, వాళ్లతోపాటు థియోఫిలస్ అనే ముసలాయన అతన్నే చూస్తున్నారు. ఉండబట్టలేక పళ్లు కొరికారు. ముఖాలు చిట్లించారు. చేతులు చాచి సైగలు చేశారు. వద్దురా, వద్దు అన్నట్టు. కోర్టులో అందరి చూపూ వీళ్ల మీద పడింది. ఎవరైనా వచ్చి పట్టుకునే లోపలే ఐదుగురూ ముందుకు పరుగెత్తి, మేం క్రైస్తవులం అని చెప్పేశారు. న్యాయాధిపతీ, పక్కన కూర్చున్న సలహాదారులూ హడలిపోయారట.

సైనికులు ఆ ఊగిసలాడే మనిషికి ప్రసంగం చేయలేదు. సమయం కూడా లేదు. అతనికి కనిపించే చోట నిలబడ్డారు. మన పెళ్లి మాటల గదిలో పళ్లు కొరికే మనిషి ఎవరు? అమ్మాయి మేనమామ కావచ్చు, అబ్బాయి పెద్దమ్మ కావచ్చు. అరగంట ఆగి ఆటో ఎక్కే పాస్టరుగారు కావచ్చు. గుడిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటనలు చదువుతారు గదా. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. అభ్యంతరం ఎవరూ చెప్పరు, అందరికీ అంకె తెలుసు. మొదటి ప్రకటనకు ముందు ఇద్దరు తండ్రుల్నీ, పెళ్లికొడుకునీ సంఘ పెద్దలు కూర్చోబెట్టి సూటిగా ఒక్క ప్రశ్న అడిగితే, వరండాలో కుర్రాడికి లోపలికి నడిచే దారి దొరుకుతుంది. నాన్నా, పెద్దలు అడుగుతున్నారు అని చెప్పుకోవడానికి ఒక సాకు దొరికినా మంచిదే. సాకులన్నీ రాజీకే ఎందుకు వదిలేయాలి?

పడిపోయినవాళ్ల మాట కూడా చెప్పి ముగిస్తాను. 251లో, డేసియస్ గోతులతో యుద్ధంలో చనిపోకముందే, హింస తగ్గింది. అప్పుడు గుడి తలుపుల దగ్గర జనం నిండిపోయారు, మమ్మల్ని మళ్లీ చేర్చుకోండి అని. రోములో నొవేషియన్ అనే పెద్ద ఇక చేర్చుకునేది లేదన్నాడు, సంఘాన్ని చీల్చుకుని వెళ్లాడు. ఇంకోవైపు కొందరు, చెరసాల చూసొచ్చిన వీరుల చేత చీటీ రాయించుకుని తెస్తే చాలన్నారు. చూడండి, మళ్లీ కాగితమే! సిప్రియన్ రెండు దారులూ వద్దన్నాడు. కార్తేజిలో బిషప్పులు సభగా కూర్చున్నారు. లంచమిచ్చి కాగితం కొన్నవాళ్ల విషయం ఒక్కొక్కరిదే విడిగా విని చేర్చుకోవాలని, బలి అర్పించినవాళ్లు పశ్చాత్తాపంలో కొనసాగాలని, ప్రాణం పోయే సమయంలో వాళ్లకూ సమాధానం ఇవ్వాలని నిర్ణయించారు. మళ్లీ హింస ముంచుకొస్తోందని కబురు తెలిసినప్పుడు, పశ్చాత్తాపంలో ఉన్నవాళ్లందరినీ చేర్చుకున్నారు. రేపు నిలబడమని మనం ఎవరికి చెబుతున్నామో వాడికి ఇవాళ బల్ల దగ్గర చోటు లేకపోతే ఎలా? సిప్రియన్ మెచ్చుకున్న ఇంకో గుంపు ఉంది. వాళ్లు బలీ అర్పించలేదు, కాగితమూ కొనలేదు. కొందామా అని మనసులో అనుకున్నారు, అంతే. అది కూడా వచ్చి ఒప్పుకున్నారు.

రోములో వెనక్కి తిరిగిన ఆవిడా, ఆమె సహోదరీ ఏం చేశారో కూడా సెలెరీనస్ ఉత్తరంలోనే ఉంది. కార్తేజి నుంచి విశ్వాసం కోసం బాధపడి ఓడలో వచ్చిన 65 మందిని రేవులో కలుసుకుని, వాళ్లకు అన్నం పెట్టి చూసుకున్నారు. రోము బిషప్పు ఫేబియన్ హతసాక్షి అయ్యాడు, ఆయన స్థానం ఖాళీగా ఉంది. కొత్త బిషప్పు వచ్చేదాకా ఆగండి అని పెద్దలు ఈ స్త్రీలకు చెప్పారు. ఆగారు.

సిప్రియన్ విషయానికి వస్తే, 250లో ఆయన కార్తేజి వదిలి దాక్కున్నాడు. దాక్కున్న చోటినుంచే సంఘాన్ని నడిపించాడు. అయినా రోము నుంచి దెప్పిపొడుస్తూ ఉత్తరం వచ్చింది. సొంత ఊళ్లోనూ మాటలు పడ్డాడు. వలేరియన్ చక్రవర్తి కాలంలో మళ్లీ మొదలైన హింస 258లో ముదిరింది. ఈసారి తన తోటలోనే ఉన్నాడు. మధ్యలో ఉతికా పట్టణానికి తీసుకెళ్తారని తెలిసి మాత్రం కొన్ని రోజులు తప్పుకున్నాడు. చస్తే నా జనం మధ్యే చావాలి, వేరే ఊళ్లో కాదు అని రాశాడు. రోమా అధిపతి కార్తేజికి రాగానే ఇంటికి వచ్చేశాడు. సెప్టెంబరు 14న విచారణ. అధిపతి గలేరియస్ మాక్సిమస్, నీ మేలు చూసుకో అని చెప్పి చూశాడు. ఇంత న్యాయమైన విషయంలో ఆలోచించవలసింది ఏముంది, మీకు ఆజ్ఞాపించింది మీరు చేయండి అని సిప్రియన్ జవాబు. శిరచ్ఛేదం అని తీర్పు చదివారు. బయట నిండిపోయిన సంఘం, మా తలలు కూడా ఆయనతో తీయండి అని కేకలు వేస్తూ వధ్యస్థలం దాకా వెంట నడిచింది. ఎనిమిదేళ్ల కిందట, పొద్దు పోయినా ఫరవాలేదు, ఇవాళే కానిచ్చేయండి అని బలిపీఠం దగ్గర అధికారుల్ని బతిమాలుకున్నది కూడా ఈ ఊరివాళ్లే.